మా బాబు ఎందుకు పడిపోతాడో వాడి క్లాసు పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి. వాడికి డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ (కండరాలు క్రమంగా బలహీనపడే జన్యు జబ్బు) ఉందని పది నెలల క్రితం జన్యు పరీక్షలో తేలింది. మెట్లు ఎక్కడం కష్టంగా ఉంది. పరుగెత్తబోయి పడిపోతాడు. కింద కూర్చుంటే మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేస్తాడు. క్లాసులో కొందరు "ముసలాడిలా లేస్తావేంటి" అంటున్నారట. ఒక పాప తనకూ వస్తుందేమోనని వాడి పక్కన కూర్చోనని ఏడ్చిందట. వాళ్ల టీచరు మంచావిడ. "మీరొచ్చి పిల్లలకు ఒకసారి చెప్పండి" అన్నారు. ఏం చెప్పాలో నాకే తెలియడం లేదు. అసలు మా బాబుకే మేం జబ్బు పేరు చెప్పలేదు. "కాళ్లకు బలం తక్కువ, మందులు వాడితే తగ్గిపోతుంది" అంటూ నెట్టుకొస్తున్నాం. పోయిన వారం వాడు "పెద్దయ్యాక నేను అందరికంటే ఫాస్ట్‌గా పరుగెత్తుతానా అమ్మా?" అని అడిగాడు. "ఓ, పరుగెత్తుతావు" అనేశాను. తర్వాత తలుపేసుకుని ఏడ్చాను. వాడికి ఐదేళ్ల చెల్లెలు ఉంది. మా అత్తగారు పిల్లల ముందే "మా వైపు ఎవరికీ లేదు ఇది" అంటుంటారు. ఆరేడేళ్ల పిల్లలకు జన్యువులంటే ఏం అర్థమవుతుంది? చెబితే భయపడరా? — ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

మీరు అడిగింది క్లాసు పిల్లల గురించి. కానీ మీ ఉత్తరంలో "మా బాబుకే మేం జబ్బు పేరు చెప్పలేదు" అన్న దగ్గర నేను ఆగిపోయాను. ముందు ఆ పని కావాలి. తర్వాతే క్లాసు. తన ఒంటి సంగతి క్లాసులో అందరూ తనకంటే ముందు తెలుసుకోవడం ఏ బిడ్డకూ న్యాయం కాదు.

జన్యు సమస్యలున్న పిల్లల కుటుంబాలతో కూర్చుని మాట్లాడడం నా పని. పనికి కొత్తలో ఒక బడికి వెళ్లాను. మీ వాడి లాంటి ఎనిమిదేళ్ల బాబు ముందు వరసలో కూర్చుని ఉండగా, బోర్డు మీద కండరం బొమ్మ గీసి అరగంట చెప్పాను. పిల్లలు చక్కగా విన్నారు. టీచరు మెచ్చుకున్నారు. ఆ బాబు మాత్రం అంతసేపూ బల్ల మీద తల ఆనించుకునే ఉన్నాడు. గంట కొట్టాక నా దగ్గరికి వచ్చి, "నాకు అదంతా ఉందా?" అని మెల్లగా అడిగాడు. ఇంట్లో చెప్పే ఉంటారనుకుని నేను వాళ్ల అమ్మానాన్నలను ముందుగా అడగలేదు. ఆ తప్పు నాదే. మీకు ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

మీ వాడికి ఏమీ తెలియదనుకోకండి. ఆసుపత్రులు తిరిగాడు, రక్తం ఇచ్చాడు. మీరు ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడడం, తాను గదిలోకి రాగానే మాట మార్చడం చూశాడు. తనతో మొదలైన పిల్లలు మెట్లెక్కి వెళ్లిపోతుంటే తాను కిందే ఉండిపోవడం రోజూ చూస్తున్నాడు. ఏదో ఉందని వాడికి తెలుసు, అదేమిటో చెప్పే మాటలే వాడి దగ్గర లేవు. మనం ఇవ్వకపోతే ఆ మాటలు క్లాసులో దొరుకుతాయి. "ముసలాడు" అలా దొరికిన మాటే.

ఇంకో సంగతి. ఈ వయసు పిల్లలు కారణం తెలియని చోట తప్పును వెతుకుతారు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే 1930ల్లో పిల్లలకు ఒక కథ చెప్పి చూశాడు. దొంగతనం చేసి పారిపోతున్న పిల్లవాడి కాళ్ల కింద పాత వంతెన విరిగింది. వాడు దొంగతనం చేయకపోయి ఉంటే విరిగేదా అని అడిగితే, చిన్నపిల్లల్లో చాలామంది విరిగేది కాదన్నారు. ఒంటికి వచ్చిన కష్టాన్ని కూడా వాళ్లు అలాగే చూస్తారు. "చెల్లిని కొట్టాను కదా, అందుకే నా కాళ్లు ఇలా అయ్యాయి" అనుకునే పిల్లలు నాకు తెలుసు. అలా అనుకున్నవాళ్లు ఆ మాట బయటికి చెప్పరు. అందుకే జన్యువు దాకా వెళ్లకముందే మీ నోటి నుంచి రావలసిన మొదటి మాట "ఇందులో ఎవరి తప్పూ లేదు" అన్నది. వాడు అడగకపోయినా చెప్పండి.

ఇక జబ్బు గురించి. ఇది మీకు డాక్టర్లు చెప్పే ఉంటారు, కానీ పిల్లలకు తేలిగ్గా చెప్పాలంటే మన మనసులో బొమ్మ స్పష్టంగా ఉండాలి. కండరం ముడుచుకున్నప్పుడల్లా, సాగినప్పుడల్లా దాని కణాల పైపొర మీద లాగుడు పడుతుంది. ఆ పొర దెబ్బతినకుండా లోపలి నుంచి పట్టి ఉంచే ప్రోటీన్ పేరు డిస్ట్రోఫిన్. దాన్ని 1987లో కనుక్కున్నారు. దాన్ని తయారుచేసే జన్యువు మనిషిలో ఇప్పటిదాకా తెలిసిన అతి పెద్దవాటిలో ఒకటి. అందులో 79 భాగాలున్నాయి. ఆ వరసలో కొంత జారిపోయినా, తారుమారైనా డిస్ట్రోఫిన్ సరిగా తయారు కాదు. అప్పుడు మామూలుగా నడిచినా, మెట్లు దిగినా కండరం కొద్దికొద్దిగా దెబ్బతింటూ ఉంటుంది. 3,500 నుంచి 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుంది. మీరు ఒంటరి కాదని తెలియాలని ఈ అంకె చెబుతున్నాను.

పిల్లలకు చెప్పడానికి నాకు కుట్టు పోలిక బాగా పనికొచ్చింది. ఒక పాత గుడ్డ, దారం దగ్గర పెట్టుకోండి. రెండు గుడ్డ ముక్కల్ని ఒకచోట దగ్గర దగ్గరగా, ఇంకోచోట దూరం దూరంగా కుట్టి ఉంచుకోండి. రెంటినీ వాడి చేతే లాగించండి. దూరం కుట్టు పిగులుతుంది. "చూశావా, మన ఒంట్లో కండలకు కూడా ఇలాంటి కుట్టు ఉంటుంది. నీ కండలకు ఆ కుట్టు గట్టిగా పడలేదు. అందుకే నువ్వు పరుగెత్తినా, మెట్లెక్కినా కండలు తొందరగా అలిసిపోతాయి." పిల్లలు చేత్తో లాగి చూసింది మరిచిపోరు.

"ఎందుకు పడలేదు?" అని అడుగుతాడు. ఇక్కడ జన్యువు వస్తుంది. "ఒంట్లో ఏ భాగం ఎలా తయారవ్వాలో రాసి ఉన్న చీటీలు ప్రతి మనిషి ఒంట్లోనూ ఉంటాయి. వాటినే జన్యువులు అంటారు. ఒకరి జుట్టు రింగులుగా ఉండడం, ఒకరు పొడుగ్గా పెరగడం కూడా వాటిలోదే. కుట్టు ఎలా వేయాలో రాసిన చీటీ నీ ఒంట్లో కొంచెం తప్పుగా పడింది. నువ్వు అమ్మ కడుపులో చిన్న చుక్క అంత ఉన్నప్పుడే అలా పడింది. నువ్వు చేసింది కాదు, అమ్మ చేసింది కాదు, ఎవరూ చేసింది కాదు." ఏడేళ్ల పిల్లవాడికి జన్యువు గురించి ఇంతకు మించి అక్కర్లేదు. క్రోమోజోముల లెక్క పదేళ్లకు అడుగుతాడు, అప్పుడు చెప్పవచ్చు.

పేరు మాత్రం ఇప్పుడే చెప్పండి. "దీన్ని డుషెన్ అంటారు. చాలా ఏళ్ల క్రితం దీని గురించి వివరంగా రాసిన ఫ్రెంచి డాక్టరు పేరు అది" అంటే చాలు. పేరు తెలియని పిల్లవాడు నేనే బద్ధకస్తుణ్ణి, నేనే పిరికివాణ్ణి అనుకుంటాడు. పేరు తెలిస్తే తాను వేరు, ఆ జబ్బు వేరు అని తెలుస్తుంది. పైగా ఎప్పుడో ఒకప్పుడు ఆ పేరు ఆసుపత్రి వరండాలో ఎవరి నోటనో విననే వింటాడు. మొదటిసారి మీ దగ్గరే వినడం మంచిది.

ఎప్పుడు చెప్పాలి? నిద్రపోయే ముందు వద్దు. చీకట్లో ఒక్కడే ఆలోచిస్తూ పడుకుంటాడు. ఆసుపత్రికి బయల్దేరే ముందూ వద్దు. చేతులకు ఏదో పని ఉన్నప్పుడు, పక్కపక్కన కూర్చుని బొమ్మ గీస్తున్నప్పుడు మొదలుపెట్టండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని "నీతో ఒక మాట చెప్పాలి" అంటే పిల్లలు బిగుసుకుపోతారు. ఐదు నిమిషాలు చాలు. వాడు లేచి వెళ్లిపోతే పిలవకండి. ఇది ఒక్కసారిలో అయ్యే మాట కాదు, వాడు పెరిగే కొద్దీ మళ్లీ మళ్లీ వస్తుంది. మీరు, వాళ్ల నాన్న ఒకే మాటలు వాడాలి. ఇది చాలా ముఖ్యం. ఒకరు "కండల కుట్టు" అని, ఇంకొకరు "నీరసం" అంటే పిల్లవాడు ఎవరు నిజం చెబుతున్నారో వెతుకుతాడు. మీకు మధ్యలో కన్నీళ్లొస్తే దాచుకోకండి. "నాకు కొంచెం బాధగా ఉంది, కానీ చెప్పగలను" అని కొనసాగించండి.

చెప్పకూడని మాటలు కొన్ని ఉన్నాయి. "ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించు" అనకండి. ఈ జబ్బులో శక్తికి మించి శ్రమ చేస్తే కండరాలకు నష్టమే. మెట్లు దిగడం, గెంతడం ఇంకా ఎక్కువ భారం వేస్తాయి. అలాగే కాళ్లు సాగదీసే వ్యాయామం చేయించేటప్పుడు "ఇది చేయకపోతే వీల్‌చైర్‌లో పడతావు" అని ఎవరూ అనకూడదు. విసుగులో చాలామంది తల్లిదండ్రుల నోట ఈ మాట వస్తుంది, నేను అర్థం చేసుకోగలను. కానీ వీల్‌చైర్ ఎలాగూ వస్తుంది. వచ్చిన రోజు అది తన బద్ధకానికి శిక్ష అనుకుంటాడు. ఇప్పటి నుంచే దాన్ని దూరం వెళ్లడానికి పనికొచ్చే వస్తువుగా మాట్లాడండి. ఇంకొకటి, "నువ్వు చాలా స్పెషల్, అందుకే నీకిది వచ్చింది" అనడం. ఏ పిల్లవాడూ ఇలా స్పెషల్ అవ్వాలని కోరుకోడు.

కష్టమైన ప్రశ్నలు వస్తాయి. "తగ్గిపోతుందా?" అంటే, "పూర్తిగా తగ్గించే మందు ఇంకా లేదు. నువ్వు వేసుకునే మాత్రలు నీ కండలు ఎక్కువ రోజులు పనిచేసేలా చూస్తాయి. ఇంకా మంచి మందుల కోసం చాలామంది పనిచేస్తున్నారు" అనండి. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఈ స్టెరాయిడ్ మాత్రలు లేని రోజుల్లో ఎక్కువమంది పిల్లలు పది, పన్నెండేళ్లకు నడక ఆపేసేవాళ్లు. ఇప్పుడు ఇంకొన్నేళ్లు ఎక్కువ నడవగలుగుతున్నారు.

"నేను చచ్చిపోతానా?" అన్నది తల్లిదండ్రులందరూ భయపడే ప్రశ్న. వెంటనే జవాబు చెప్పకండి. "ఎందుకలా అనిపించింది?" అని అడగండి. ఒక్కోసారి టీవీలో చూసింది ఉంటుంది, ఒక్కోసారి నానమ్మ ఫోన్‌లో ఏడుస్తూ అన్న మాట ఉంటుంది, ఒక్కోసారి రేపటి ఇంజెక్షన్ భయమే ఉంటుంది. ఏది అడుగుతున్నాడో తెలిశాక, "ఇప్పుడు నువ్వు చచ్చిపోవడం లేదు. పెద్దయ్యాక నీ గుండెకూ ఊపిరికీ కూడా సాయం కావలసి వస్తుంది. ఆ సాయం చేసే మందులు, మెషిన్లు డాక్టర్ల దగ్గర ఉన్నాయి. అందుకే మనం వాళ్ల దగ్గరికి వెళ్తుంటాం" అనండి. మీకోసం ఒక మాట: ఒకప్పుడు ఈ పిల్లలు ఇరవై ఏళ్ల లోపే పోయేవాళ్లు. ఊపిరికి యంత్రం సాయం, గుండెకు ముందుగానే మందులు మొదలయ్యాక ముప్పై ఏళ్లు దాటి బతుకుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఇంటర్నెట్‌లో పాత పేజీలు చదివి భయపడకండి.

ఇప్పుడు క్లాసు.

మొదట మీ వాడిని అడగండి. "నువ్వెందుకు పడిపోతావో పిల్లలకు తెలియక ఏదేదో అంటున్నారు. వాళ్లకు చెబుదామా? ఎవరు చెబితే బాగుంటుంది, నేనా, టీచరా, నువ్వా? నువ్వు అక్కడ ఉంటావా, వేరే గదిలో బొమ్మ గీసుకుంటావా? ఏది చెప్పొద్దు?" ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు వాడిదే. కొందరు పిల్లలు ముందు నిలబడి తామే గుడ్డ లాగి చూపిస్తారు. కొందరు ఆ రోజు బడికే రామంటారు. ఏదైనా సరే. "అసలు వద్దు" అన్నా సరే, ఒక నెల ఆగి మళ్లీ అడగండి. అంతలో వాడికి ఒకే ఒక్క వాక్యం నేర్పండి. "నా కండల కుట్టు గట్టిగా లేదు, పుట్టినప్పటి నుంచీ అంతే, నీకు అంటుకోదు." ఇంట్లో మీరు ఎగతాళి చేసే పిల్లవాడిగా నటించండి, వాడు జవాబు చెబుతాడు. పదిసార్లు ఆడితే నోటికి వస్తుంది. మీరు క్లాసులో చెప్పే పది నిమిషాలకంటే ఈ ఒక్క వాక్యమే వాడికి ఎక్కువ పనికొస్తుంది. మీరు రోజూ ఆ మెట్ల దగ్గర ఉండరు కదా.

ప్రపంచ డుషెన్ దినం సెప్టెంబర్ 7న జరుపుతారు. జన్యువులో 79 భాగాలు కాబట్టి తొమ్మిదో నెల ఏడో తేదీ. టీచరు ఆ రోజు పెట్టుకుందామంటే మాత్రం మొదటిసారికి వద్దని నా అభిప్రాయం. బెలూన్లు, ఫొటోలు వచ్చేసరికి మీ వాడు ఆ రోజంతా ఒక బొమ్మ అయిపోతాడు. మామూలు రోజు, ఉదయం మొదటి పీరియడ్ మంచిది. తర్వాత టీచరు వాళ్లతోనే ఉంటారు కాబట్టి ఆలస్యంగా వచ్చే ప్రశ్నలు ఆవిడ దగ్గరికే వస్తాయి. ఆటల పీరియడ్ ముందు పెట్టవద్దు.

పది నిమిషాలు దాటవద్దు. మొదట పిల్లలనే మాట్లాడనివ్వండి. "మీరేం చూశారు?" అంటే "పడిపోతాడు", "మెల్లగా నడుస్తాడు", "చేతులతో లేస్తాడు" అంటారు. ఎవరినీ కసరవద్దు. చూసింది చెప్పడం తప్పు కాదు. ఆ లేవడం దగ్గరే మొదలుపెట్టండి. విలియం గవర్స్ అనే బ్రిటిష్ డాక్టరు 1879లోనే దాన్ని వర్ణించాడు, ఇప్పటికీ డాక్టర్లు ఆ లేవడాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. పిల్లలతో మాత్రం ఇలా అనండి: "తొడల్లో బలం చాలనప్పుడు వాడి చేతులు వెళ్లి కాళ్లకు సాయం చేస్తాయి. వాడికి ఎవరూ నేర్పలేదు, వాడే కనిపెట్టుకున్నాడు." ముసలాడిలా లేవడం అన్న మాట ఉన్న చోట ఇప్పుడు వేరే మాట వచ్చింది కదా. అది మీ వాడి ముఖంలోనూ మీకు కనిపిస్తుంది. తర్వాత గుడ్డ ఇచ్చి అందరి చేతా లాగించండి.

అంటుకుంటుందన్న భయానికి "అంటుకోదు" అన్న ఒక్క మాట చాలదు. పిల్లలకు జబ్బంటే తెలిసింది జలుబు, జ్వరమే, అవి అంటుకుంటాయి. అందుకే క్లాసులో "జబ్బు" అన్న మాట వీలైనంత తక్కువ వాడండి. "రింగుల జుట్టు పాప పక్కన కూర్చుంటే మీ జుట్టు రింగులవుతుందా?" అని అడగండి. నవ్వుతారు. "ఇదీ అంతే, పుట్టుకతో వచ్చేది. చేయి పట్టుకున్నా, నీళ్ల బాటిల్ పంచుకున్నా, పక్కన పడుకున్నా రాదు." ఏడ్చిన పాపను అందరి ముందు ఎత్తి చూపవద్దు. ఆ పాప చెడ్డది కాదు, నిజంగా భయపడింది. టీచరు ఆమెతో విడిగా, వాళ్ల అమ్మతో కూడా మాట్లాడితే సరిపోతుంది.

"చచ్చిపోతాడా?" అని క్లాసులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. తడబడకండి. "వాడిని చూసుకునే డాక్టర్లున్నారు. వాడు ఇక్కడ మీతోపాటు చదువుకుంటున్నాడు, ఆడుకుంటున్నాడు" అని చెప్పి ముందుకు వెళ్లండి. మీ వాడి భవిష్యత్తు గురించి వాడితో మీరు ఇంకా మాట్లాడని విషయం ఏదీ క్లాసులో మాట్లాడవద్దు. "ఎందుకు లావయ్యాడు?" అంటే "మాత్రల వల్ల ఆకలి ఎక్కువవుతుంది, ముఖం ఉబ్బుతుంది" అనండి. లావు మీద వచ్చే ఎగతాళి నడక మీద వచ్చేదానికంటే పిల్లల్ని ఎక్కువ గాయపరుస్తుందని నేను చూశాను, కాబట్టి ఎవరూ అడగకపోయినా ఈ మాట చెప్పేయండి.

సాయం ఎలా చేయాలో కూడా పిల్లలకు నేర్పాలి, లేకపోతే మంచి మనసుతోనే నష్టం చేస్తారు. పడిపోయినప్పుడు ముందు "లేపమంటావా?" అని అడగాలి. చెయ్యి పట్టి లాగకూడదు. చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు, భుజాల కండలు కూడా బలహీనం కాబట్టి జారిపోతాడు. కాలు నొప్పి అంటే కదిలించకుండా టీచరును పిలవాలి. మెట్ల మీద వెనకనుంచి తోసుకోకూడదు. ఇక ఆటలు. ఎప్పుడూ లెక్కలు రాసే పనో, చప్పట్లు కొట్టే పనో ఇస్తే అది ఆడనివ్వడం కాదు. కూర్చుని విసిరే ఆటలు, దాగుడుమూతల్లో కళ్లు మూసుకునే వంతు, ఇంకా ఏం మార్చుకోవచ్చో పిల్లలనే అడగండి. పెద్దవాళ్ల కంటే వాళ్లే తొందరగా దారి కనుక్కుంటారు.

కొన్ని బడుల్లో పిల్లల కాళ్లకు బరువులు కట్టి నడిపించి "ఇప్పుడు తెలిసిందా ఎంత కష్టమో" అంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఐదు నిమిషాల్లో కష్టం ఒక్కటే తెలుస్తుంది, ఆ పిల్లవాడు రోజూ దాన్ని ఎలా నడిపించుకొస్తున్నాడో తెలియదు. పిల్లలు జాలితో, భయంతో బయటికొస్తారు.

టీచరుకు విడిగా చెప్పవలసినవి ఉన్నాయి. డిస్ట్రోఫిన్ మెదడులో కూడా పనిచేస్తుంది, అందుకే ఈ పిల్లల్లో కొందరికి నోటితో చెప్పిన పొడుగు మాటలు గుర్తుపెట్టుకోవడం, చదవడం కష్టంగా ఉంటుంది. "పుస్తకం మూసి, సంచిలో పెట్టి, నోట్సు తీసి, తేదీ వెయ్యి" అని ఒకేసారి చెబితే మధ్యలో ఆగిపోతాడు. అది నిర్లక్ష్యం కాదని, ఒక్కొక్కటిగా చెప్పాలని ఆవిడకు తెలియాలి. స్టెరాయిడ్ల వల్ల చిన్నదానికే ఏడుపు, కోపం రావచ్చు. నిలబెట్టే శిక్షలు వద్దు. బాగా అలిసిన తర్వాత కండరాల నొప్పి వచ్చినా, మూత్రం ముదురు రంగులో ఉన్నా మీకు వెంటనే ఫోన్ చేయాలి. ఈ మాటలన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. క్లాసులో మీరు చెప్పబోయే నాలుగు మాటలూ ఇంకో కాగితం మీద రాసి, మిగతా పిల్లల ఇళ్లకూ అదే రోజు పంపమనండి. లేకపోతే సాయంత్రానికి ఆ కుట్టు కథ ఎన్ని రకాలుగా మారుతుందో చెప్పలేం.

మీ పాపను మరిచిపోకండి. ఐదేళ్ల పిల్ల "అన్నయ్యతో దెబ్బలాడాను, అందుకే పడిపోతున్నాడు" అనుకునే వయసులో ఉంది. అన్నయ్యకు చెప్పిన రోజే, అవే మాటలతో ఇంకా పొట్టిగా చెప్పండి. "అన్నయ్యకు ఉన్నట్టు నీకు లేదు. నువ్వు చేసిన దేనివల్లా ఇది రాలేదు." అన్నయ్య కోసం వస్తువులు మోసే పనంతా ఆ పిల్ల మీద పడకుండా చూడండి. మీరు క్యారియర్ అయితే (అంటే ఆ జన్యు మార్పు మీలో ఉండి, జబ్బు మాత్రం సాధారణంగా బయటికి కనిపించకపోతే) పాప కూడా క్యారియర్ అయ్యే అవకాశం సగానికి సగం. కానీ ఆ పరీక్ష ఇప్పుడు చేయించనక్కర్లేదు, తాను పెద్దయ్యాక అర్థం చేసుకుని తానే నిర్ణయించుకుంటుంది. మీకు మాత్రం ఇంకా చేయకపోతే చేయించుకోండి. క్యారియర్ తల్లులకు గుండె కండరం బలహీనపడే అవకాశం ఉంటుంది, అప్పుడప్పుడు చూపించుకోవాలి.

మీ అత్తగారి మాట గురించి. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అది మగపిల్లలకు తల్లి నుంచే వస్తుంది. అంతవరకు నిజం. కానీ మూడింట ఒక వంతు పిల్లల్లో ఈ మార్పు తల్లికి కూడా లేకుండా, కొత్తగా ఏర్పడుతుంది. తల్లి క్యారియర్ అయినా, తాను చూసి, ఎంచి ఇచ్చిందేమీ కాదు. తన నల్లని జుట్టు ఎలా ఇచ్చిందో ఇదీ అలాగే వెళ్లింది. ఈ సంగతి ఆవిడకు మీరు కాదు, మీ వారు చెప్పాలి, పిల్లలు లేనప్పుడు. ఆవిడ కూడా మనవడి కోసం కుమిలిపోతూ ఆ మాట అంటున్నారేమో. అయినా పిల్లల చెవిన పడకూడదు. "మా వైపు లేదు" అని విన్న ఏడేళ్ల పిల్లవాడికి అమ్మే తనకు ఇది చేసిందని అర్థమవుతుంది, అప్పుడు మీరు చెప్పిన "ఎవరి తప్పూ లేదు" అన్న మాట నిలవదు.

చివరగా, మీరు తలుపేసుకుని ఏడ్చిన ఆ సాయంత్రం. "ఓ, పరుగెత్తుతావు" అన్నది ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట అలాగే ఉంచకండి. వాడు మళ్లీ అడిగేదాకా ఆగకుండా, కుట్టు సంగతి చెప్పిన ఒకటి రెండు రోజులకు మీరే ఎత్తండి. "ఆ రోజు నువ్వు ఫాస్ట్‌గా పరుగెత్తుతానా అని అడిగావు. నేను పరుగెత్తుతావన్నాను. నువ్వు బాధపడతావని అలా అన్నాను, అది నిజం కాదు. నీ కండలతో పరుగు కష్టమవుతూనే ఉంటుంది. ఇక నుంచి నువ్వేం అడిగినా నిజమే చెబుతాను. తెలియకపోతే తెలియదని చెబుతాను." వాడు ఏడవవచ్చు, ఏడవనివ్వండి, దగ్గరికి తీసుకోండి. "అయితే మరి నేనేం చేయగలను?" అని అడగవచ్చు, అప్పుడు ఇద్దరూ కూర్చుని వాడికి ఇష్టమైనవి రాసుకోండి. "సరే అమ్మా" అని లేచి, చేతులు మోకాళ్ల మీద ఆనించుకుని, చెల్లితో ఆడుకోవడానికి వెళ్లిపోనూవచ్చు. వెళ్లనివ్వండి.